తొమ్మిదింటికి నీ పేరు

హెడ్డాఫీసు, సర్వర్ గది

అక్కా,

ఉత్తరం చూసి నవ్వకు. మీ కొండ దగ్గర సెల్‌ఫోను పలకదు. సైటాఫీసరు గదిలో ఉన్న ఒక్క ఫోనుకి చేస్తే, నువ్వు మాట్లాడినంతసేపూ ఆయన ఫైలు తిరగేస్తున్నట్టు నటిస్తూ వింటాడని నువ్వే చెప్పావు. అందుకని మీకు సామాన్లు తెచ్చే లారీ అన్న చేతికి ఇది ఇస్తున్నాను. వారానికోసారి వస్తాడు కాబట్టి వారానికోసారి రాసుకుందాం. నాకు రాయడమంటే ఈమధ్య పిచ్చి పట్టిందని నీకు తెలుసుగా.

అసలు సంగతి విను. కాలేజీ వాళ్ళు నన్ను ట్రైనింగుకి మీ కంపెనీ హెడ్డాఫీసులోనే వేశారు. నువ్వు అక్కడ సొరంగం తవ్వే కొండని కొలుస్తుంటే, ఆ కొలతలు వచ్చి చేరే గదిలో నేను కూర్చున్నాను. "ఇద్దర్నీ ఒకే కంపెనీ మింగేసింది" అంది అమ్మ.

నా పని చెప్తాను. ఆఫీసులో అందరూ కలిసి వాడుకునే డ్రైవులు మూడున్నాయి. ఊరందరికీ ఒకే బీరువా అనుకో. ఎవరు తలుపు తీశారు, ఏ ఫైలు తెరిచారు, ఏది మార్చారు, ఏది చెరిపారు, అన్నీ నా ఎదుటి తెర మీద చీమల బారులా పాకుతుంటాయి. తేడాగా ఏదైనా జరిగితే అలారం మోగుతుంది. దీన్ని ఇక్కడందరూ "నిఘా" అంటారు. ఆ మాట నాకు నచ్చలేదు, ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టుంటుంది. నేను "కావలి" అని రాసుకున్నాను. చేను, చంద్రుడు, చేతిలో కర్ర గుర్తొస్తాయి.

మా పైఅధికారిని అందరూ తాళాల సార్ అంటారు. గదికి కార్డు గీసే తలుపు వచ్చి ఏళ్ళయినా నడుముకి తాళాల గుత్తి వదల్లేదు. మొదటిరోజే నాకు జ్ఞానబోధ చేశాడు. "కావలివాడికి రెండు జబ్బులొస్తాయమ్మాయ్. ఒకటి నిద్ర, రెండోది అలవాటు. నిద్రకి టీ ఉంది."

మొదటి వారమంతా అలారం నీ వల్లే మోగింది. మీ దగ్గర లైను తెగుతూ అతుకుతూ ఉంటుందేమో, ఒకే ఫైలు మళ్ళీ మళ్ళీ ఎక్కించేదానివి. ఎక్కించినప్పుడల్లా కుయ్యిమని కూత. పక్కబల్ల ఆవిడ, "మీ అక్కకి జ్వరమా, ఊరికే మూలుగుతోంది" అంది. అందుకని నీ లాగిన్‌ని నమ్మకస్థుల జాబితాలో చేర్చేశాను. ఇకమీద నీ పేరుతో ఏం జరిగినా తెర మీద కనిపిస్తుంది గానీ కూత ఉండదు. సార్‌ని అడిగితే "నీ ఇష్టం, నీ పూచీ" అన్నాడు. సొంత అక్కకి పూచీ పడకపోతే ఇంకెవరికి పడతాను?

నీ పిచ్చుక


కొండ కింద, క్వార్టర్సు

ఒసే పిచ్చుకా,

మూడు పేజీల ఉత్తరంలో రెండు పేజీలు మాటల మీద మోజే. చేనూ చంద్రుడూ అంట. ఏనాడైనా చేలో అడుగుపెట్టిన మొహమేనా నీది? సరే, బాగుంది, రాస్తూ ఉండు. ఇక్కడ చదవడానికి సిమెంటు బస్తాల మీది అక్షరాలు తప్ప ఏమీ లేవు.

నా పని నీకెప్పుడూ సరిగా చెప్పలేదు కదూ. కొండ ఒంటికి ఇనప మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. రోజూ ఎక్కి, ఏ మేకు ఎంత జరిగిందో కొలిచి, ఆ అంకె మీ డ్రైవులో పెడతాను. కొండలన్నీ కాస్తో కూస్తో జరుగుతాయి, కంగారుపడకు. ఫలానా గీత దాటితే మాత్రం హెడ్డాఫీసులో భద్రత విభాగం వాళ్ళు చూసి పని ఆపించాలి, కింద క్వార్టర్సు ఖాళీ చేయించాలి. కింద అంటే మేమే. రెండు వరసల రేకుల ఇళ్ళు, పెళ్ళాం బిడ్డలతో ఉన్నవాళ్ళు చాలామందే. అంకె రాయడం నా వంతు, ఆపడం వాళ్ళ వంతు.

వానలు మొదలయ్యాయి. వంటశాల పక్క సామాన్ల గది తలుపు పట్టేస్తోంది. వడ్రంగి చిత్రిక పట్టి, "నీళ్ళు తాగి లావెక్కిందమ్మా, ఆడవాళ్ళలాగే" అన్నాడు. వంటామె అట్లకాడ చూపిస్తే నోరు మూసుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ పట్టేసింది.

అమ్మతో చెప్పు, ఇక్కడా బట్టలు తిరగేసే ఆరేస్తున్నాను, రంగు వెలవకుండా. మా వరసలో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. "తిరగేసిన బట్టల దండెం ఉన్న ఇల్లు" అని నా ఇంటికి ఆనవాలు చెబుతున్నారు.

నువ్వక్కడ ఉన్నావంటే ఎందుకో ధైర్యంగా ఉంది. ఈ చివర నేను రాస్తే ఆ చివర నువ్వు చూస్తావు. తిండి మానకు. నేను కులాసా. ఈమధ్య బూట్లు మంచం పక్కనే పెట్టుకుంటున్నాను, అంతే.

అక్క


హెడ్డాఫీసు, సర్వర్ గది

అక్కా,

వానలన్నావని బెంగపడ్డాను గానీ, రెండు రోజులకే పోయింది. ఎందుకో చెప్పనా? రోజూ పొద్దున తొమ్మిదింటికి, నా టీ ఇంకా చల్లారకముందే, తెర మీద నీ పేరు వస్తుంది. కొలతల ఫైలు తెరుస్తావు, మారుస్తావు, మూస్తావు. అచ్చం చిన్నప్పుడు బడికి వెళ్తూ గుమ్మంలోంచి తొంగిచూసి "వెళ్ళొస్తానే" అన్నట్టుంటుంది. నీ పేరు చూశాకే టీ తాగుతాను. అమ్మకి కూడా సాయంత్రం ఫోనులో "అక్క బాగుంది, పొద్దున వచ్చింది" అని చెబుతున్నాను. అమ్మ "ఎక్కడికొచ్చిందే" అంటుంది. మనిషి క్షేమం ఒక గీతలా వచ్చిపోవడం ఆవిడకి ఎక్కడం లేదు.

మొన్న ఆదివారం నాకు డ్యూటీ పడింది. ఆదివారం కూడా వచ్చావే. అంత కష్టపడకు.

ఫైళ్ళు తెరిచి చదవడం నా పని కాదు, కానీ ఒక్కసారి తొంగిచూశాను. మీ కొండ ఎంత బుద్ధిమంతురాలో. ఏ మేకూ కదల్లేదు. నిన్నా, మొన్నా, అటుమొన్నా, అక్షరం పొల్లుపోకుండా అవే అంకెలు. మరి తలుపెందుకు పట్టేస్తోందంటావు? వడ్రంగి చెప్పిందే నిజమేమో.

ఇక్కడ నన్ను గుర్తుపట్టే పెద్దమనిషి ఒకరున్నారు. మీ సొరంగం పనంతా చూసే పెద్దసారు. మా అంతస్తులోనే, మంచినీళ్ళ ఫిల్టరు పక్క గది. సీసా నింపుకుంటుంటే బయటికొచ్చి, "కొండ దగ్గర కొలతలు తీసే అమ్మాయి మీ అక్కట కదా" అన్నారు. అవునన్నాను. "నమ్మకమైన మనిషి. ఆ అమ్మాయి అంకె పెట్టిందంటే మేం మారుమాట్లాడం" అన్నారు. గర్వంతో సీసా పొంగిపొర్లేదాకా చూసుకోలేదు.

ఈ వారం నేర్చుకున్న మాట "నిమ్మళం". నిమ్మకీ దీనికీ చుట్టరికం లేదట, అయినా పలికితే నోరూరుతుంది. నీ పేరు కనిపించాక నాకు కలిగేది అదే.

నీ పిచ్చుక


కొండ కింద

పిచ్చుకా,

నెమ్మదిగా చదువు. ఎవరికీ చూపించకు.

రోజూ తొమ్మిదింటికి వచ్చేది నేను కాదు.

వానలు మొదలైన వారానికే మమ్మల్ని మీ డ్రైవుకి కలిపే టవరు కూలింది. అప్పట్నుంచీ ఆఫీసరు గదిలో ఫోను తప్ప మాకు లైను లేదు. కొలతలు పెన్‌డ్రైవులో వేసి సైటాఫీసరు చేతికిస్తున్నాను. ఆయన శనివారం శనివారం కింది ఊరికి తీసుకెళ్ళి పంపుతానంటాడు. నువ్వు చెప్పిన ఆదివారం నేను డ్రైవు మొహం చూడలేదు, బట్టలు ఉతుక్కుంటున్నాను. నా పాస్‌వర్డు ఆయనకే ఇచ్చాను, ఎక్కించడానికని. ఇవ్వకూడదని నీకు చెప్పక్కర్లేదు. ఇచ్చాను.

ఏ మేకూ కదల్లేదంటావేమిటి? నాలుగో మేకు నా అరచెయ్యంత జరిగింది. గీత ఎప్పుడో దాటింది. దాటిన రోజే ఆఫీసరుకి చెప్పాను. "పైనుంచి మాట రావాలి మేడమ్, మనం తొందరపడకూడదు" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇంత అంకె చూసి కూడా హెడ్డాఫీసు కిమ్మనడం లేదంటే, నాకు తెలియనిదేదో పెద్దవాళ్ళకి తెలుసనుకున్నాను. పైగా ఆ చివర నువ్వున్నావు. ప్రమాదమైతే పిచ్చుక అరిచి గోలపెట్టేదే కదా అనుకున్నాను.

సామాన్ల గది తలుపు ఇప్పుడు అసలు మూసుకోవడం లేదు. చౌకట్టు ఒక పక్కకి ఒరిగింది. వడ్రంగి జోకులు మానేశాడు.

నాలుగో మేకు ఎదురుగా ఫైల్లో ఏం రాసుందో, అదే ముక్క రాసి పంపు. ఇక్కడికి ఫోను మాత్రం చెయ్యకు.

అక్క


హెడ్డాఫీసు దగ్గరి టీకొట్టు

అక్కా,

ఇది ఆఫీసులో కూర్చుని రాయడం లేదు.

నాలుగో మేకు: కదలిక లేదు. ఎదురుగా అంకె సున్నా. ఫైల్లో ఉన్న ముక్క అదే. రోజూ అదే.

నీ ఉత్తరం చదివాక ముందు ఏం చేశానంటే, నీ పేరు నమ్మకస్థుల జాబితాలోంచి తీసేశాను. మర్నాడు టీ ముట్టుకోకుండా కూర్చున్నాను. తొమ్మిదింటికి నీ పేరు వచ్చింది, అలారం మోగింది. ఇన్నాళ్ళూ నేను నోరు నొక్కిన అలారం. ఈ లాగిన్ ఎప్పుడూ రాని చోటి నుంచి వస్తోంది, చూసుకోండి అని. ఎక్కడి నుంచో చూశాను. మీ కొండ నుంచి కాదు, కింది ఊరి నుంచి కూడా కాదు. మా అంతస్తు, మంచినీళ్ళ ఫిల్టరు పక్క గది. మొదటిరోజు నుంచీ అక్కడే. నేను జాబితాలో నీ పేరు చేర్చకపోయి ఉంటే ఆ మొదటి రోజే మోగేది. నేను నీ క్షేమం అనుకుని రోజూ చూసి మురిసింది ఆయన్ని.

తాళాల సార్ కూత విని లేచొచ్చాడు. తెర చూశాడు. తర్వాత చెయ్యి చాపి శబ్దం తగ్గించాడు.

"సార్, అది మా అక్క కాదు" అన్నాను.

"తెలుస్తోంది."

"మరి రాసి పంపుదాం సార్, పైకి."

"పైకంటే ఎవరికమ్మాయ్? ఆ గదికేగా." గుత్తిలో ఒక్కో తాళంచెవీ తడుముకున్నాడు. "జాబితాలోంచి పేరు తీసినా సర్వర్లో నమోదు పడుతుంది. తీసింది నువ్వని ఉంటుంది. ఆ గదిలో మనిషికి అది చూసే హక్కుంది. చూసే ఉంటాడు."

భద్రత విభాగానికి వెళ్ళాను. ఫైలు తెరిచి, "సున్నా ఉందిగా, ఇంకేంటి?" అన్నారు. మా అక్క చెప్పిందన్నాను. "మీ అక్క పేరుతోనే ఉందిగా" అన్నారు. పని ఆగితే సొరంగం వేరే కంపెనీకి పోతుందట, నడవాలో అందరూ గుసగుసలాడేది అదే. సొరంగాలు తనిఖీ చేసే ప్రభుత్వ కార్యాలయానికి కూడా అన్నీ రాసి పంపాను. రసీదు వచ్చింది, మనిషి రాలేదు.

చెయ్యొద్దన్నా మీ సైటాఫీసరుకి ఫోను చేశాను. నువ్వు బతికున్నావో లేదో తెలియక చేశాను, తిట్టుకో. "మీ అక్కా? కొండ మీదుందమ్మా, ఇప్పుడే కొలతలు ఎక్కించి వెళ్ళింది. లైను బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో. తర్వాత అడిగాడు, "అవునూ, నువ్వెక్కడ పని చేస్తున్నావమ్మా?" చదువుకుంటున్నానని చెప్పి పెట్టేశాను.

మాటలేమీ తోచడం లేదు అక్కా. ఒక్కటే. అక్కణ్ణుంచి బయటికి వచ్చెయ్. అందర్నీ తీసుకుని వచ్చెయ్. పైనుంచి మాట రాదు. మాట రావాల్సిన చోటే మూసుకుపోయింది. లారీ అన్న చెల్లెలే మీ వంటామె అని ఇవాళే తెలిసింది. ఎక్కడా ఆగకుండా వెళ్ళి నీ చేతికే ఇస్తానన్నాడు.

పిచ్చుక


కొండ పైన, పాత యంత్రాల షెడ్డు

పిచ్చుకా,

ముందు ఊపిరి పీల్చుకో. అందరం పైన ఉన్నాం, మేకులున్న వాలుకి ఎడంగా, రాతి నేల మీద.

నీ ఉత్తరం అందిన రోజే ఇల్లిల్లూ తిరిగాను. కొండ కదులుతోందన్నాను. ఒక్కడు కదల్లేదు. "ఆఫీసు చెప్పలేదుగా మేడమ్" అని డ్రిల్లరు, "పొయ్యి మీద పులుసుంది" అని అతని భార్య. అంకె చూపించాను. అంకెకి ఎవరు భయపడతారు? అప్పుడు వంటామె నన్ను పక్కకి లాగి, "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నీకు అబద్ధం రాదు. నేను చూసుకుంటా ఉండు" అని, సామాన్ల గదిలోంచి కెవ్వుమంటూ పరిగెత్తుకొచ్చింది. పామట. ఒకటి కాదు, బస్తాల కింద పుట్టంత ఉన్నాయట. చూస్తుండగానే రెండు వరసలూ ఖాళీ. మూలగా ఉన్న ముసలాయన మంచం కూడా నలుగురు మోసుకొచ్చేశారు. కొండకి బెదరనివాళ్ళు లేని పాముకి బెదిరారు. నవ్వొచ్చింది. ఆ తర్వాత తలలు లెక్కపెట్టాను, రెండుసార్లు.

ఇప్పుడు చిక్కేమిటంటే, కొండ నిమ్మళంగా ఉంది. నీ మాటే వాడుతున్నాను చూడు. వాన కూడా వెలిసింది. పాములు పోయుంటాయి, దిగుదాం అని సణుగుడు మొదలైంది. సైటాఫీసరు వచ్చి అందరి ముందూ అరిచాడు. "కంప్యూటర్లో సున్నా ఉంది. ఈవిడ మాట వింటారా, కంపెనీ మాట వింటారా?" అలా అంటున్నంతసేపూ కొండ వైపు వీపు పెట్టే నిలబడ్డాడు. చివరికి తనొక్కడే కిందికి దిగాడు, తన గదిలోనే ఉంటానని. వద్దని నేనే బతిమాలాను. పైన ఉంటే ఆ సున్నా అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు.

దారి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దిగేవాళ్ళు నన్ను దాటుకుని దిగాలి. ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు. మేకుల దగ్గరికి ఇక వెళ్ళడం లేదు, కానీ నేల మీద చెవి ఆనిస్తే లోపల ఎవరో గోనెసంచి ఈడుస్తున్నట్టు వినిపిస్తోంది. ఆగుతుంది, మళ్ళీ ఈడుస్తుంది.

లారీ అన్న తొందరపెడుతున్నాడు. నువ్వు ఆ గదిలో ఉండకు. కాలేజీకి పో. నా పేరు ఎవరు వాడుకుంటే వాడుకోనీ.

అక్క


హెడ్డాఫీసు, సర్వర్ గది

అక్కా,

కాలేజీకి పోలేదు. పోతే ఈ తెర ముందు ఎవరూ ఉండరు.

పోయిన వారం నీకు రాసిన ఉత్తరం నా చేతికే తిరిగొచ్చింది. లారీ అన్న ఇచ్చాడు. వంతెన దాటాక దారి లేదట. దారి పాడైందని కాదు, ఉన్నచోట లేదు. కొండ సగం కిందికొచ్చి కూర్చుంది. రెండు వరసల ఇళ్ళూ, సైటాఫీసు గదీ ఉన్నచోట ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించడం లేదన్నాడు. వంతెన దగ్గర మన కంపెనీ వాళ్ళే అడ్డుగొలుసు కట్టి, రోడ్డు మరమ్మతని బోర్డు పెట్టారట. ఇక్కడ ఆఫీసులో ఎవరూ ఏమీ అనడం లేదు. పక్కబల్ల ఆవిడ నా మొహం చూడడం మానేసింది.

ఫోను చేశాను. సైటాఫీసరు గదిలో ఫోను మోగడం కూడా లేదు.

లారీ అన్న గట్టు ఎక్కి అవతలికి చూశాడట. పొగమంచులో మనుషులు కనిపించలేదు. కానీ పైన, షెడ్డు దగ్గర, ఏదో తాడుకి బట్టలు వేలాడుతున్నాయన్నాడు. "ఎవరివో ఏమో చెల్లెమ్మా, కుట్లు బయటికి కనిపిస్తున్నాయి. ఎవరైనా అలా ఆరేస్తారా?" అన్నాడు. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మకి చెప్పాను. ఈసారి ఎక్కడికొచ్చిందే అని అడగలేదు.

అతని చెల్లెలు కూడా అక్కడే ఉంది కాబట్టి రేపు అడ్డదారిన నడిచి వెళ్తున్నాడు. ఊళ్ళో మరికొందర్ని పోగు చేశాడు. ఈ ఉత్తరం అతనితోనే వస్తుంది. నువ్వు చదువుతావు.

తాళాల సార్ సెలవులో ఉన్నాడట. నిన్న సాయంత్రం దాకా చెప్పలేదు. గుత్తి మాత్రం నా బల్ల మీద ఉంది. నా కార్డు ఇంకా తలుపు తీస్తోంది. ఎందుకు తీయనిస్తున్నారో తెలియకే ఎక్కువ భయంగా ఉంది.

ఇప్పుడు తొమ్మిది. ఇదిగో, నీ పేరు వచ్చింది.

ఫైలు తెరుచుకుంది. మారింది. మూసుకుంది. నేను తొంగిచూశాను. నాలుగో మేకు: కదలిక లేదు. అక్కా, ఆ మేకు దిగ్గొట్టిన కొండే లేదు. నీ పేరు పెట్టి అది ఇంకా కదల్లేదని రాస్తున్నాడు.

అలారం సన్నగా మోగుతోంది, సార్ ఆ రోజు తగ్గించిన గొంతుతోనే. నేను చెయ్యి చాపి శబ్దం మొత్తం పెంచాను. అంతస్తంతా వినపడుతోంది. కుర్చీలు జరుగుతున్నాయి. ఎవరో "ఏంటది, ఆపండి" అంటున్నారు. నేను ఆపను.

మంచినీళ్ళ ఫిల్టరు పక్క తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడు ఇటే వస్తోంది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటున్నాను.

పిచ్చుక